తొమ్మిదో అద్దం

పనిలో నన్ను బల్లి అనేవారు. పన్నెండంతస్తుల బిల్డింగుకు తాడు కట్టుకుని వేలాడుతూ అద్దాలు తుడిచేవాణ్ణి, అందుకని. మా ఆవిణ్ణి రేడియో అనేవారు. ఎందుకో ఆవిడ దగ్గర ఒక్క పూట కూర్చుంటే ఎవరికైనా తెలుస్తుంది. ఆమె అదే బిల్డింగులో ఊడ్చేది. నేను పైన, ఆమె కింద. నేను ముప్పై నాలుగేళ్ళు, ఆమె ఇరవై రెండేళ్ళు ఆ ఒక్క బిల్డింగుకే చేశాం.

ఆ రోజులు తలుచుకుంటే నాకు ముందు గుర్తొచ్చేది తాడు వాసన. తడిసి ఆరిన తాడు వాసన వేరే ఉంటుంది. పొద్దున్నే డాబా మీదికి వెళ్ళేవాళ్ళం. మా బావమరిది తాడు కొసలు ఇనప కొక్కేలకు కట్టి మూడుసార్లు గుంజి చూసేవాడు. "దిగు బావా. నువ్వు పడ్డావంటే అక్క నన్ను బతకనివ్వదు" అనేవాడు. రోజూ ఇదే మాట. నేను పీట మీద కూర్చుని, బకెట్టు నడుముకు తగిలించుకుని, గోడ అంచు దాటి కాళ్ళు గాల్లో పెట్టేవాణ్ణి. ఆ ఒక్క క్షణమే భయం. తర్వాత ఏమీ ఉండదు. అద్దం, గుడ్డ, రబ్బరు వైపరు.

అద్దం తుడవడం ఊరికే రాదు. సబ్బు నీళ్ళు పూసి, పై మూలన వైపరు పెట్టి, పాము మెలికల్లా తిప్పుకుంటూ ఎత్తకుండా కింది మూల దాకా రావాలి. మధ్యలో ఎత్తితే గీత పడుతుంది. చివర్లో వేలికి గుడ్డ చుట్టి అంచుల వెంట తడి తీయాలి. అయ్యాక తల వెనక్కి వంచి చూడాలి. మేఘం కనపడాలి, చెట్టు కనపడాలి, అద్దం కనపడకూడదు. అలా వచ్చిందంటే దాని పని అయిపోయినట్టే. పక్క అద్దానికి జరగడమే. నాకు నేర్పిన ముసలాయన ఇంతే నేర్పాడు. నేను బావమరిదికి ఇంతే నేర్పాను.

మధ్యాహ్నం జనరేటరు గది నీడలో ముగ్గురం కలిసి తినేవాళ్ళం. ఆమె మాట్లాడేది, మేం తినేవాళ్ళం. ఎనిమిదో అంతస్తులో ఒకాయన బల్ల కింద చెప్పులు విప్పేసి, బాసు పిలిస్తే కాళ్ళతో వెతుక్కుంటాడని చెప్పేది. లిఫ్టులో ఒకమ్మాయి రోజూ ఏడ్చేదని, ఓ రోజు ఏడవలేదని, అప్పుడు తనకే ఏదోలా ఉందని చెప్పేది. నేను అద్దం బయటి నుంచి చూసిన మనుషులే వాళ్ళంతా. నాకు పెదాలు కదలడం కనిపించేది, మాట వినిపించేది కాదు. వాళ్ళ కథలన్నీ ఆమె నోట వినాల్సిందే. ఆ పూటలు మళ్ళీ రావు. జనరేటరు గది తీసేసి ఇప్పుడక్కడ బళ్ళు నిలబెడుతున్నారు.

అన్నీ చెప్పిన మనిషి ఒక్కటి మాత్రం చెప్పలేదు.

అది ఆమె పని మానేసిన రోజు తెలిసింది. సాయంత్రం చీపురు అప్పగించి వచ్చి, నన్ను తోట వైపు రమ్మంది. బిల్డింగుకు ఆ వైపు వరసగా చెట్లు, చిన్న కొలను ఉన్నాయి. గోడ వెంట పొదలు. ఆ పొదల ముందు నిలబడింది.

"ఇక్కడ ఎన్ని పిట్టలున్నాయో తెలుసా?" అంది.

నేను పైకి చూశాను.

"పైన కాదయ్యా. కింద."

అప్పుడు చెప్పింది. చలి మొదలయ్యే ముందు ఒక నెల, చలి తగ్గాక ఒక నెల, ఎక్కడెక్కడి నుంచో పిట్టలు ఈ ఊరి మీదుగా పోతాయి. తెల్లవారుజామున చెట్ల మీద వాలి, లేచి, అద్దంలో కనిపించే చెట్టును చెట్టే అనుకుని దాని మీదికి పోతాయి. ఆఫీసు వాళ్ళు వచ్చేలోగా, ఏడు కాకముందే, అన్నీ ఏరి చెత్తడబ్బాలో వెయ్యాలని ఊడ్చేవాళ్ళకు ఆర్డరు.

"డబ్బాలో వెయ్యడానికి నాకు చెయ్యి రాలేదు. ఈ మొదళ్ళలో పెట్టేదాన్ని" అంది.

"ఎన్ని?"

"లెక్కెవరు పెట్టారు? పొదలు చూడు, ఎలా పెరిగాయో."

"నాకెందుకు చెప్పలేదే?"

"ఇప్పుడు చెప్పాగా" అని చీర కొంగు సర్దుకుని నడిచేసింది. ఆ తర్వాత ఎన్నిసార్లు అడిగినా ఆ ముక్కకు మాత్రం జవాబు లేదు. నేను గట్టిగా అడిగే రకమూ కాదు.

మా సందుకు రెండు సందుల అవతల ఒక టీచరమ్మ ఉండేది. బడి నుంచి రిటైరయి, పొద్దున్నే నడకకు పోతూ, దారిలో పడి ఉన్న పిట్టల్ని ఏరడం మొదలుపెట్టింది. ఆమెకు ఇంకో ఐదారుగురు తోడయ్యారు. మా ఆవిడ చెవిన పడింది. మర్నాడే వెళ్ళి చేరిపోయింది. "ఇంట్లో కూర్చుంటే నా నోరు తుప్పు పడుతుంది" అంది. రెండేళ్ళకు నేనూ పని మానేశాను. "నువ్వూ రా. పిట్టల దగ్గర మాట్లాడాల్సిన పనేం లేదు, నీకు సరిగ్గా సరిపోతుంది" అని లాక్కెళ్ళింది. నా వెనకే బావమరిది వచ్చాడు. అక్క పెట్టే టీ కోసం.

పని చిన్నదే. కానీ దానికీ ఒక పద్ధతి ఉంది. కాయితం సంచులు పట్టుకుని వెలుతురు రాకముందే బిల్డింగుల చుట్టూ తిరగాలి. ప్రాణమున్న పిట్ట కనిపిస్తే పైనుంచి గుడ్డ కప్పి, రెక్కలు ముయ్యేలా అరచేతుల్లోకి తీసుకుని, సంచిలో పెట్టి మూతి మడవాలి. నీళ్ళు పట్టకూడదు, ముద్దు చెయ్యకూడదు, సంచి తెరిచి చూడకూడదు. చీకట్లో ఉంటే దానికి నెమ్మదిస్తుంది. గంటా రెండు గంటల తర్వాత సంచిలో గరగరమని చప్పుడు వస్తే పార్కుకు తీసుకుపోయి, అద్దాలు లేని వైపు తిరిగి వదలాలి. చచ్చిపోయిన వాటికీ సంచే. ప్రతి సంచి మీదా తేదీ, టైము, ఏ బిల్డింగు, ఏ అద్దం కింద, అన్నీ రాయాలి. చచ్చిన వాటిని టీచరమ్మ తన ఫ్రిజ్జులో దాచి నెలకోసారి పిట్టల మీద చదువుకునే వాళ్ళకు పంపేది.

"టీచరమ్మ ఇంట్లో ఐసు మాత్రం అడగొద్దు బావా" అనేవాడు బావమరిది.

మొదటిసారి ప్రాణమున్న పిట్టను పట్టుకున్న రోజు నాకు బాగా గుర్తు. గొంతు కింద పసుపు. బరువంటూ ఏమీ లేదు. తడి గుడ్డ పిండి మడిస్తే ఎంత ఉంటుందో అంత కూడా లేదు. గుండె మాత్రం నా అరచేతికి తగులుతూనే ఉంది. ముప్పై నాలుగేళ్ళు ఈ చేతులతో నేనేం చేశానో అప్పుడు తెలిసొచ్చింది. ఎవరితోనూ అనలేదు.

మా బిల్డింగే అన్నిట్లోకీ చెడ్డది. మిగతా నాలుగు బిల్డింగులు కలిపినా దానికన్నా తక్కువ పడేవి. టీచరమ్మ మూడేళ్ళు దాని మేనేజరు చుట్టూ తిరిగింది. అద్దానికి బయటి వైపు అరచెయ్యి కూడా పట్టనంత దగ్గర దగ్గరగా చుక్కలుంటే, ఈ సందులోంచి పోలేమని పిట్టలు పక్కకు తిరుగుతాయట. అలాంటి చుక్కల కాయితం దొరుకుతుంది, అంటిస్తే ఏళ్ళ తరబడి ఉంటుంది. కానీ బిల్డింగు వాళ్ళు ఒప్పుకోవాలి. మా ఆవిడ కూడా పోయేది టీచరమ్మతో. వచ్చిన ప్రతిసారీ ఒకటే మాట చెప్పేది. "నేను పొయ్యేలోగా ఆ తోట వైపు ఒక్క వారమైనా ఖాళీ చేతులతో తిరిగి రావాలయ్యా. ఒక్క వారం. అంతకన్నా నాకేం అక్కర్లేదు."

నాలుగో ఏడు మేనేజరు ఒక మెట్టు దిగాడు. తోట వైపు కింది మూడు వరసల మీద, వరసకు పద్నాలుగు చొప్పున నలభై రెండు అద్దాల మీద, సొంతంగా చుక్కలు పెట్టుకోండి, పద్నాలుగు రోజులు ఉంచండి అన్నాడు. అంతకుముందు పద్నాలుగు రోజుల్లో అక్కడ ముప్పై నాలుగు పిట్టలు పడ్డాయి. "ఈసారి పది లోపు వస్తే పైవాళ్ళతో మాట్లాడి ఆ కాయితం వేయిస్తాను. దాటితే మాత్రం మళ్ళీ నా దగ్గరికి రాకూడదు. మాటంటే మాట" అన్నాడు. సరేనని వచ్చారు.

చుక్కలు దేంతో పెట్టాలని అందరూ నా మొహం చూశారు. అద్దానికి ఏది అంటకుండా ఉండాలో జీవితమంతా చూసినవాణ్ణి, ఏది అంటుకుంటుందో కూడా నాకే తెలియాలి కదా. సుద్దపొడి, బట్టల సబ్బు తురుము, కొంచెం జిగురు. అట్టముక్కకు మూడు వేళ్ళ ఎడంలో చిల్లులు పొడిచి, అద్దానికి ఆనించి, స్పాంజితో అద్దాను. అట్ట తీస్తే చుక్కలు. బిల్డింగు వాళ్ళు తాడు వద్దన్నారు, చక్రాల నిచ్చెన ఇచ్చారు. నేనూ బావమరిదీ రెండు రోజులు కష్టపడి పూర్తి చేశాం. నాకు ఆ రెండు రోజులూ ఒళ్ళంతా దురద పుట్టినట్టే ఉంది. శుభ్రమైన అద్దం మీద కావాలని మరక పెట్టడం! చెయ్యి ఒక పట్టాన ముందుకు పోదు.

అయ్యాక బావమరిది దూరంగా నడిచి చూశాడు. "బిల్డింగుకు ఆటలమ్మ పోసినట్టుంది బావా" అన్నాడు.

"నీ మొహానికన్నా బాగుంది, నోర్ముయ్" అంది వాళ్ళక్క.

అద్దాల కింద గట్టు మీద సుద్దతో ఒకటి నుంచి పద్నాలుగు దాకా నంబర్లు వేశాం, ఏ అద్దం కింద ఏది పడిందో రాయడానికి. మా ఆవిడ ఏరేది, నేను సంచి మీద రాసేవాణ్ణి. అంకెలు నేను బాగానే వేస్తాను.

మొదటి రోజు ఏమీ లేదు. రెండో రోజూ లేదు. నాలుగో రోజు ఒకటి. ఆరున ఒకటి, ఎనిమిదిన ఒకటి. పది రోజులకు మూడు! మా ఆవిడ ఇంటికి వస్తూ దారిలో తెలిసిన వాళ్ళకూ తెలియని వాళ్ళకూ చెప్పేది. కూరగాయల కొట్టువాడికి చెప్పింది, కరెంటు మీటరు చూసుకునే వాడికి చెప్పింది. వాళ్ళకు సగం అర్థం కాలేదు. అయినా తలూపారు. ఆ పది రోజులు ఆమె పదేళ్ళు తగ్గినట్టు నడిచింది. నేను వెనక సంచులు మోసుకుంటూ ఆమె నడక చూసేవాణ్ణి.

పదో రోజు పొద్దున ఒక్క పిట్టా పడలేదు. ఆమె, టీచరమ్మ వేరే బిల్డింగుకు వెళ్ళారు. నేను నిచ్చెన తీసుకుని చుక్కలు ఎక్కడైనా చెదిరాయేమో చూసుకుంటూ వచ్చాను. కింది వరస తొమ్మిదో అద్దం దగ్గర ఎవరో భుజం ఆనించి నిలబడినట్టున్నారు, ఆ ఎత్తున రెండు జానల మేర సుద్ద పులుముకుపోయింది. పులిమిన దాని మీద మళ్ళీ పెడితే బాగుండదు. మొత్తం కడిగేసి కొత్తగా పెడదామనుకున్నాను. బకెట్టులో నీళ్ళు ముంచాను. జేబులో వైపరు ఉంది. పై మూలన పెట్టి, ఎత్తకుండా, కింది మూల దాకా. వేలికి గుడ్డ చుట్టి అంచులు తీశాను. నిచ్చెన దిగి నాలుగడుగులు వెనక్కి వేసి తల వంచి చూశాను.

ఎంత బాగా వచ్చిందో! చుట్టూ చుక్కల అద్దాలు, నడుమ ఇదొక్కటి. మేఘం పోతూంది అందులో. కొలను పక్కనున్న చెట్టు ఆకు ఆకునా కనిపిస్తోంది.

"బావా, టీ చల్లారుతోంది!" అని గేటు దగ్గర నుంచి బావమరిది కేకేశాడు.

వైపరు జేబులో పెట్టుకున్నాను. నిచ్చెన గోడకు చేర్చాను. వెళ్ళి టీ తాగాను. పని అయిపోయిందనే అనుకున్నాను. అట్ట, స్పాంజి, చుక్కలు, ఒక్కటంటే ఒక్కటీ బుర్రలో లేదు. ఆ రోజంతా నా మనసు ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

ఆ రాత్రి గాలి మళ్ళింది. పొద్దున మేం వెళ్ళేసరికి చెట్లన్నీ పిట్టల చప్పుడుతో నిండి ఉన్నాయి. అన్ని పిట్టలు ఒక్కసారి రావడం ఆ ఏడు అదే మొదలు. తోట వైపు ఇంకా మసక చీకటి. మా ఆవిడ టార్చి కిందికి పట్టి గట్టు వెంట నడుస్తోంది. ఒక చోట ఆగింది. కూర్చుంది.

"ఏమయ్యా, సంచులు తే" అంది.

ఒకటి ఇచ్చాను.

"ఇంకా" అంది. "ఇంకా."

ఎనిమిది. ఐదు పోయాయి, మూడింటికి ప్రాణముంది. "తొమ్మిది" అంది గట్టు మీద నంబరు చూసి. నేను రాశాను. "ఇదీ తొమ్మిదే." రాశాను. మూడో సంచి రాస్తూ తల ఎత్తి చూశాను. చుక్కలు లేవు. అప్పుడప్పుడే తెల్లారుతున్న ఆకాశం ఆ అద్దంలో నిలబడి ఉంది.

చేతిలో పెన్సిలు ఆగింది.

"రాయవయ్యా" అంది. ఆమె కళ్ళు కింద పిట్టల మీదే ఉన్నాయి, పైకి చూడలేదు. చూసినా ఆ మసకలో ఆమె కళ్ళకు ఆనేది కాదేమో. మిగతా ఐదు సంచుల మీదా తొమ్మిది వేశాను.

ప్రాణమున్న మూడింటినీ పట్టుకుని ఆమె టీచరమ్మ దగ్గరికి పోయింది. నేను అట్ట, స్పాంజి తెచ్చి అరగంటలో తొమ్మిదో అద్దానికి చుక్కలు పెట్టేశాను. ఎందుకు పెట్టానంటే ఇంకో పిట్ట పడకూడదని. అది సగమే నిజం. ఎవరూ చూడకముందే పెట్టాలని గబగబా పెట్టాను. ఆ తొందరలో కొన్ని చుక్కలు సాగాయి కూడా.

మూడూ పదకొండు అయ్యాయి. పది దాటింది.

పన్నెండు, పదమూడు, పద్నాలుగు రోజుల్లో ఒక్కటీ పడలేదు. పిట్టలు మాత్రం చెట్ల నిండా ఉన్నాయి. అయినా మా ఆవిడ మొహంలో వెలుగు లేదు. ఇంటికొచ్చి వంట చేసింది, బట్టలుతికింది, పడుకుంది. మాట లేదు. తలనొప్పా అంటే కాదంది. కూరగాయల కొట్టువాడు "అమ్మా, పిట్టలెన్ని?" అని అడిగితే డబ్బులిచ్చి వచ్చేసింది. నలభై ఏళ్ళ కాపరంలో మా ఇంట్లో గోడగడియారం చప్పుడు వినిపించడం అదే మొదటిసారి. దాన్ని ఆపి పక్కన పెడదామా అనిపించింది.

మూడో రోజు రాత్రి గిన్నెలు కడుగుతూ, నా వైపు తిరగకుండానే అంది. "చుక్కలతో ఏం కాదు కాబోలయ్యా. నేనే ఏదో ఊహించుకున్నాను."

చెప్పాలి. నోటి దాకా వచ్చింది. "పడుకో" అన్నాను.

మర్నాడు మేనేజరు రమ్మన్నాడు. మూడో అంతస్తులో పొడుగు బల్ల ఉన్న గది. ఆ గది అద్దాన్ని బయటి నుంచి కొన్ని వందలసార్లు తుడిచాను గాని, లోపల కుర్చీలో కూర్చోవడం అదే. టీచరమ్మ, మా ఆవిడ ఒక పక్క. నేనూ బావమరిదీ ఒక పక్క. బల్ల మీద సంచుల నుంచి చింపిన చీటీల కట్ట.

"చూడండి టీచర్ గారూ, నేను పిట్టలకు శత్రువును కాను" అన్నాడు మేనేజరు. మంచివాడే, గొంతు ఎత్తడు. "పది లోపన్నాం. పదకొండు."

"ముప్పై నాలుగు నుంచి పదకొండుకు వచ్చింది కదండీ" అంది టీచరమ్మ.

"మొదటి పది రోజులు పిట్టలే రాలేదేమో. మందగా వచ్చింది ఒక్కరోజు. ఆ ఒక్కరోజే ఎనిమిది. చుక్కలు ఆపేవే అయితే ఆ రోజు ఆపాలి కదా? పైవాళ్ళు అడిగితే నేనేం చెప్పను?"

టీచరమ్మ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. మా ఆవిడ బల్ల అంచును వేలితో రుద్దుతోంది. అక్కడ మరకేమీ లేదు. కాసేపటికి సంచి తీసుకుని లేవబోయింది. "పోదాం రండి" అన్నట్టు టీచరమ్మ భుజం తట్టింది.

నేను లేచి నిలబడ్డాను. నిలబడితే గాని మాట రాదనిపించింది.

"సారూ. ఆ ఎనిమిదీ నా వల్ల."

"అంటే?"

"తొమ్మిదో అద్దం. ముందు రోజు కడిగాను. చుక్కలు పెట్టడం మర్చిపోయాను. పిట్టలు పడ్డాక మళ్ళీ పెట్టాను. చెప్పలేదు."

"బావా, ఏంటి నువ్వనేది?" అన్నాడు బావమరిది.

మేనేజరు కుర్చీలో వెనక్కి వాలాడు. "ఎందుకు కడిగారు?"

"ఓ చోట చెదిరింది. సరిచేద్దామని కడిగాను. అద్దం బాగా వచ్చింది. పని అయిందనుకున్నాను."

"ముప్పై ఏళ్ళ అలవాటు సార్" అన్నాడు బావమరిది, నా తరఫున. "మాకు అద్దం మెరిసిందంటే డ్యూటీ దిగినట్టే. టీకి పిలిచింది నేనే."

"పెద్దాయనా" అన్నాడు మేనేజరు, "తప్పుగా అనుకోకండి. అంకె ఒక్కటి దాటేసరికి, దాన్ని దించడానికి ఇప్పుడిలా అంటున్నారేమోనని నాకు అనుమానం వస్తే అందులో తప్పుందా?"

"లేదు" అన్నాను.

సాక్ష్యం నేనే చెరిపేశాను. కూర్చోబోయాను.

అప్పుడు మా ఆవిడ నోరు విప్పింది. నాలుగు రోజుల తర్వాత. నా వైపు చూడలేదు, మేనేజరు వైపే చూసింది.

"బాబూ, ఈయనతో నేను నలభై ఏళ్ళు కాపరం చేశాను. అబద్ధం చెప్పాలంటే నిజం కన్నా నాలుగు మాటలు ఎక్కువ ఆడాలి. ఈయనకంత ఓపిక ఎక్కడిది?"

మేనేజరు ముందు నవ్వు ఆపుకున్నాడు, తర్వాత ఆపుకోలేదు. టీచరమ్మ కూడా నవ్వింది. నవ్వుతూనే చీటీల కట్ట విప్పి, ఎనిమిది చీటీలు ఏరి ఆయన ముందు వరసగా పెట్టింది. ఎనిమిదింటి మీదా తొమ్మిది. నా చేతి రాత.

"మంద వచ్చిన ఆ పూట మిగతా పదమూడు నంబర్ల దగ్గర ఒక్క పిట్ట కూడా లేదండీ" అంది.

ఆయన ఆ చీటీలు ఒక్కొక్కటే తిప్పి చూశాడు. "ఒక్క అద్దం తుడిస్తే ఎనిమిది" అన్నాడు తనలో తను. కాయితం మీద ఏదో కొట్టేసి, ఏదో రాశాడు. "పైకి రాస్తాను. ఒప్పిస్తాను కూడా. కానీ తోట వైపు, కింది మూడు వరసలకే. ఇంకా కావాలని నన్ను అడగొద్దు."

"అడుగుతాం బాబూ" అంది మా ఆవిడ. "ఇవాళ కాదులే."

కిందికి దిగాక బావమరిది నా మొహం, వాళ్ళక్క మొహం చూశాడు. "అక్కా, నాకు అర్జంటు పనుంది" అని ఒక్క ఉదుటున మాయమయ్యాడు. వాడికి ఏ పనీ లేదు. టీచరమ్మ రిక్షా ఎక్కింది.

మా ఆవిడ ఇంటి దారి పట్టలేదు. తోట వైపు నడిచింది. నేను పదడుగుల వెనక నడిచాను. తొమ్మిదో అద్దం ముందు ఆగింది. సాగిన చుక్కల మీద వేలు పెట్టింది.

"ఎనిమిది సంచుల మీదా నువ్వే రాశావు కదా."

"ఊఁ."

"రాస్తున్నప్పుడే తెలుసు నీకు."

"మూడోదానికి తెలిసింది."

"మిగతా ఐదూ ఎలా రాశావయ్యా?"

ఊఁ అంటే వదిలే మనిషి కాదు. చెప్పాను. పెన్సిలు ఆగిపోవడం చెప్పాను. పరుగున పోయి అట్ట తెచ్చుకోవడం చెప్పాను. గడియారం చప్పుడు చెప్పాను. రాత్రి గిన్నెలు కడుగుతూ ఆమె ఆ మాట అన్నప్పుడు గొంతు దాకా వచ్చిందీ, పడుకో అన్నదీ చెప్పాను. మొదటిసారి పిట్టను పట్టుకున్న రోజు ఏమనిపించిందో, అదీ చెప్పాను. ఒక్కసారి మొదలైతే ఆగలేదు. ఆఫీసు వదిలారు, జనం మా పక్క నుంచి పోతున్నారు. ఆమె అడ్డు రాలేదు. అంతసేపు ఆమె వినడం, నేను మాట్లాడడం మా ఇద్దరికీ కొత్తే.

చెప్పడం అయ్యాక అడిగాను. "నువ్వు మాత్రం? ఇరవై రెండేళ్ళు ఏరావు. నాకెందుకు చెప్పలేదు?"

ఎప్పటిలా నడిచేస్తుందనుకున్నాను. నడవలేదు. గట్టు మీద కూర్చుంది.

"సాయంత్రం ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుంటూ ఒక మాట అనేవాడివి. ఇవాళ అద్దం బాగా వచ్చిందే, అని."

"నేనా?"

"రోజూ. రోజు మొత్తానికి నీ నోట్లోంచి నీ అంతట వచ్చేది అదొక్కటే. అప్పుడు నీ మొహం నువ్వు చూసుకోలేదు గాని, నేను చూశాను. దాని కింద పిట్టలు పడుతున్నాయని చెప్తే ఆ ఒక్కటీ కూడా మానేస్తావు. ఇక మనింట్లో ఏం మిగుల్తుంది?" కొంగుతో మొహం తుడుచుకుంది. "పిట్టలకి అన్యాయమే చేశాను. నాకు తెలుసు."

పక్కన కూర్చున్నాను. పొదల్లో ఏదో చిన్న పిట్ట కదిలి, చెట్టు మీదికి పోయింది. అద్దం వైపు రాలేదు. ఇద్దరం దాన్నే చూశాం.

కాసేపటికి పైకి చూసి అన్నాను, "మూడో వరసలో ఆ మూల చుక్కలు వంకరగా పెట్టాడు మీ తమ్ముడు."

"వాడా! చిన్నప్పుడు చొక్కా గుండీలు పెట్టుకోవడం కూడా వాడికి వంకరే. మా అమ్మ ఎన్నిసార్లు..." అని మొదలుపెట్టింది. లేచి నడుస్తూ కూడా ఆపలేదు. ఇల్లు వచ్చింది, తాళం తీశాను, పొయ్యి వెలిగించింది, ఆమె ఇంకా చెబుతూనే ఉంది.